నల్లమలలో ఒక్క రోజు: కొండ నడక, ఘాట్ రోడ్డు ప్రయాణానికి సమగ్ర మార్గదర్శి

పాలమూరు, నల్లగొండ, నాగర్‌కర్నూల్ ప్రాంతాల నుంచి తెల్లవారుజామున సొంత కారులో బయలుదేరి, నల్లమలలో కొంత దూరం నడిచి, కొంత దూరం ఘాట్ రోడ్డుపై ప్రయాణించి, రాత్రికి ఇల్లు చేరడం ఎలాగని పాఠకులు తరచూ అడుగుతున్నారు. దారి తెలియక ఇబ్బంది పడేవారు తక్కువ. సమయం లెక్క తప్పి అవస్థ పడేవారే ఎక్కువ. అందువల్ల ఈ వ్యాసంలో చూడవలసిన చోట్ల కంటే వాటిని ఏ వరుసలో చూడాలి, ఎక్కడ ఎంతసేపు ఉండాలి, ఏది వదులుకోవాలి అన్న విషయాలకే ఎక్కువ చోటు ఇచ్చాను.

## 1. రోజును చివరి నుంచి లెక్కగట్టాలి

హైదరాబాద్–శ్రీశైలం జాతీయ రహదారి (765) అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్తుంది. రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఈ అడవి భాగంలోకి వాహనాలను అనుమతించరు. ఇటు మన్ననూర్ వద్ద, అటు దోమలపెంట వద్ద చెక్‌పోస్టులు మూసేస్తారు.

చాలామంది ఈ 9 గంటలనే గడువుగా పెట్టుకుంటారు. అది సరికాదు. నవంబరు, డిసెంబరు నెలల్లో మన ప్రాంతంలో సాయంత్రం 5.45కే సూర్యుడు అస్తమిస్తాడు. జంతువులు రోడ్డు దాటేది కూడా ఎక్కువగా చీకటి పడే వేళలోనే. కాబట్టి వెలుతురు ఉండగానే మన్ననూర్ చెక్‌పోస్టు దాటి బయటికి రావడాన్ని అసలు గడువుగా పెట్టుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. దోమలపెంట నుంచి మన్ననూర్‌కు అడవి రోడ్డుపై నెమ్మదిగా రావాలంటే దాదాపు గంటా ముప్పావు పడుతుంది. అంటే సాయంత్రం 4 గంటలకు ఎక్కడున్నా సరే, ఏం మిగిలిపోయినా సరే, కారు తిరుగుముఖం పట్టాలి.

ఆ లెక్క ప్రకారం రోజు ఇలా వస్తుంది:

- ఉదయం 4.30: ఇంటి నుంచి బయలుదేరడం
- 7.00: రంగాపూర్, ఉమామహేశ్వరం కొండ కింద
- 7.00–9.30: మొదటి నడక, ఉదయపు తిండి
- 10.00: మన్ననూర్ చెక్‌పోస్టు
- 11.15: వటవర్లపల్లి దగ్గర మలుపు, మల్లెలతీర్థం జలపాతం వైపు
- 11.45–1.30: రెండో నడక
- 2.00: భోజనం, డ్రైవరుకు విశ్రాంతి
- 3.00: దోమలపెంట
- 4.00: తిరుగు ప్రయాణం

మహబూబ్‌నగర్ వారు బిజినేపల్లి, నాగర్‌కర్నూల్ మీదుగా అచ్చంపేట చేరాలి. నల్లగొండ వారికి కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి మీదుగా హాజీపూర్ చౌరస్తా రావడం అనుకూలం. నల్లగొండ నుంచి వచ్చేవారు పై సమయాలకు మరో అరగంట ముందే బయలుదేరితే మంచిది.

## 2. ఏ నెలలో వెళ్లాలి, ఏది ఎంచుకోవాలి

అక్టోబరు నుంచి జనవరి వరకు ఈ ప్రయాణానికి అన్నివిధాలా అనువైన కాలం. వానల నీరు ఇంకా వాగుల్లో ఉంటుంది, ఎండ నడవనిస్తుంది. ఫిబ్రవరి దాటితే మల్లెలతీర్థంలో ధార సన్నబడుతుంది, అడవి ఆకు రాలుస్తుంది, నిప్పు భయం మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పసిపిల్లలతో, వృద్ధులతో ఈ నడకలు పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

జులై నుంచి సెప్టెంబరు చివరి వరకు అభయారణ్యంలో సఫారీ ఉండదు. అదే కాలంలో శ్రీశైలం జలాశయం నిండి గేట్లు ఎత్తితే జనం పోటెత్తుతారు. ఆ శని, ఆదివారాల్లో దోమలపెంట నుంచి డ్యామ్ వరకు ఘాట్‌లో వాహనాలు గంటల తరబడి నిలిచిపోతాయి. గేట్లు చూడాలన్నదే కోరిక అయితే ఆ రోజు నడకలు మానుకోవాలి. రెండూ ఒకే రోజున కుదరవు.

సంక్రాంతి రోజుల్లో ఉమామహేశ్వరంలో బ్రహ్మోత్సవాల రద్దీ ఉంటుంది. శివరాత్రికి ముందు శ్రీశైలం వెళ్లే పాదయాత్రికులతో రోడ్డు నిండుగా ఉంటుంది. అడవి లోపలి శివక్షేత్రం సలేశ్వరం సంగతి వేరు. చైత్ర పౌర్ణమి జాతర రోజుల్లో మాత్రమే అక్కడికి అనుమతిస్తారు కాబట్టి మిగతా రోజుల్లో ఎవరైనా దారి చూపిస్తామన్నా వెళ్లకూడదు.

ఫరహాబాద్ సఫారీ, మల్లెలతీర్థం రెండూ ఒకే రోజు చూడాలనుకోవడం తరచూ కనిపించే అత్యాశ. ఫరహాబాద్ లోపలికి సొంత వాహనాలు వెళ్లవు, అటవీశాఖ వాహనంలోనే వెళ్లాలి. మీ వంతు కోసం వేచి ఉండే సమయాన్నీ లెక్కలో వేసుకోవాలి. నీళ్లున్న కాలంలో మల్లెలతీర్థం, నీళ్లు తగ్గాక ఫరహాబాద్ ఎంచుకోవడం నా సలహా.

## 3. కారును ముందురోజే సిద్ధం చేయాలి

నల్లమలలో మనం వెళ్లే భాగం ఎత్తు సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల లోపే. హిమాలయాల్లో లాగా గాలి పలచబడి తలనొప్పి, ఆయాసం వచ్చే సమస్య ఇక్కడ లేదు. ఇక్కడి కష్టాలు మూడు: ఎండ, నీళ్లు దొరకకపోవడం, దిగుడు రోడ్డుపై బ్రేకులు వేడెక్కడం. మూడోదాన్ని ఇంటి దగ్గరే చాలావరకు నివారించవచ్చు.

ముందురోజు చూసుకోవలసినవి:

- బ్రేకు ఆయిల్ మట్టం, బ్రేకు ప్యాడ్ల అరుగుదల. పెడల్ మెత్తగా లోపలికి దిగుతుంటే మెకానిక్‌కు చూపించకుండా బయలుదేరకూడదు.
- కూలెంట్ మట్టం. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీయాలి.
- నాలుగు టైర్లతో పాటు స్టెప్నీలో గాలి. జాకీ, వీల్ స్పానర్ కారులోనే ఉన్నాయా, వాటిని వాడటం ఎవరికైనా వచ్చా.
- హెడ్‌లైట్ల డిమ్, బ్రైట్ రెండూ, వెనుక బ్రేకు లైట్లు, అద్దం తుడిచే వైపర్లు.
- లైసెన్సు, ఆర్‌సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం.

అచ్చంపేటలోగానీ డిండిలోగానీ ట్యాంకు నింపుకోవాలి. ముందు ఎక్కడో దొరుకుతుందిలే అని అడవిలోకి వెళ్లడం మంచిది కాదు. మన్ననూర్ నుంచి శ్రీశైలం 70 కిలోమీటర్లకు పైగా ఉంటుంది, తిరిగి రావాలి కూడా.

ఫోను సిగ్నల్ అడవిలో చాలా చోట్ల అందదు. మ్యాపును ముందే ఫోనులోకి దింపుకోవాలి. ఎటు వెళ్తున్నారో, సాయంత్రం ఎన్ని గంటలకు మన్ననూర్ దాటుతారో ఇంట్లో ఒకరికి చెప్పి బయలుదేరాలి.

## 4. సంచిలో ఏముండాలి

- మనిషికి కనీసం 3 లీటర్ల నీళ్లు, స్టీలు సీసాల్లో. అభయారణ్యంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను అనుమతించరు.
- ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగైదు. అవి లేకపోతే ఉప్పు, చక్కెర, నిమ్మకాయలు.
- అడుగు గరుకుగా ఉన్న బూట్లు, మేజోళ్లు. కొత్తగా కొన్న బూట్లు ఆ రోజే మొదటిసారి వేసుకోవద్దు, మడమలు ఒరుసుకుపోతాయి.
- నిండు చేతుల నూలు చొక్కా, పొడవాటి ప్యాంటు, టోపీ లేదా తువ్వాల.
- టార్చిలైటు, విజిల్, చిన్న కత్తెర, పట్టకారు, గాయాలకు కట్టు గుడ్డ, వాడుతున్న మందులు.
- చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక గుడ్డ సంచి.

సద్దికి పులిహోర, జొన్నరొట్టె, తప్పాలచెక్క వంటివి మేలు, ఎండలో పాడుకావు. పెరుగన్నం తినాలనుకుంటే ఉదయపు తిండికే పెట్టుకోవాలి, మధ్యాహ్నానికి పులుస్తుంది. నూనె వంటలు ఎక్కువ తిని మూలమలుపుల్లో ప్రయాణిస్తే వాంతులవుతాయి. కడుపులో తిప్పే అలవాటున్నవారిని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఫోను చూడకుండా దూరంగా రోడ్డు వైపు చూడమనాలి.

## 5. మొదటి నడక: ఉమామహేశ్వరం

శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా చెప్పే ఈ క్షేత్రం అచ్చంపేటకు దగ్గరలో, రంగాపూర్ పక్కన ఉంది. కొండ కింద భోగమహేశ్వరం ఉంటుంది, అక్కడి నుంచి పైకి ఘాట్ రోడ్డు వెళ్తుంది. కారు నేరుగా పైకి పోతుంది కాబట్టి చాలామంది నడవరు. నడవదలచినవారికి ఉదయం 7 గంటల సమయం చాలా బాగుంటుంది. వాహనాలు పెద్దగా ఉండవు, కొండ నీడ రోడ్డు మీదే ఉంటుంది.

ఇక్కడ ఒక పద్ధతి పాటించాలి. కారు నడిపే వ్యక్తి ఎక్కేటప్పుడు నడవకూడదు. ఆయన కారును నెమ్మదిగా పైకి తీసుకెళ్లి మిగతావారి కోసం ఆగాలి. రోజంతా క్లచ్, బ్రేకు తొక్కవలసిన కాళ్లు ఉదయమే అలిసిపోతే మధ్యాహ్నం ఘాట్‌లో దాని ప్రభావం కనిపిస్తుంది. పైన అందరూ కలిశాక, గుడి వైపు కొండ అంచు వెంట ఉన్న దారిలో ఆయన కూడా నడవవచ్చు.

నడక క్రమం:

1. మొదటి పదిహేను నిమిషాలు కావాలనే నెమ్మదిగా నడవాలి. పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగితే ఆ వేగం సరైనది. మాట తెగుతుంటే వేగం తగ్గించాలి.
2. ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడి పక్కన, ఒకరి వెనుక ఒకరుగా నడవాలి. మూలమలుపు దగ్గర మాత్రం రెండువైపులా కనిపించే పక్కకు మారాలి.
3. దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకొకసారి రెండు గుక్కలు తాగాలి.
4. పైన గుడి దారిలో రైలింగు వైపు పిల్లలను నడవనివ్వకుండా కొండ వైపున ఉంచాలి.

గుడి దారి పొడవునా పెద్ద బండరాయి కప్పులా ముందుకు చాచుకుని ఉంటుంది. ఆ కప్పు నుంచి నీటి చుక్కలు రాలుతూనే ఉంటాయి. చుక్కలు పడిన చోట నేల నల్లగా, నునుపుగా మారి పాచి పడుతుంది, చూడటానికి మామూలు తడిలాగే ఉంటుంది. అక్కడ పాదాన్ని మడమతో కాకుండా పూర్తిగా ఆనించి, అడుగు చిన్నదిగా వేయాలి. గుడిలోకి చెప్పులు వదిలి వెళ్తాం కాబట్టి వట్టికాళ్లతో ఈ జాగ్రత్త మరింత అవసరం.

కోతులు ఎక్కువ. చేతిలో సంచి, కొబ్బరి చిప్ప కనిపించకూడదు. లాక్కుంటే వదిలేయాలి, వెంటపడి గుంజుకోబోతే కరుస్తాయి. కొండచరియలకు తేనెపట్టులు కనిపిస్తే వాటి కింద అరవకూడదు, రాళ్లు విసరకూడదు, పొగ పెట్టకూడదు.

## 6. చెక్‌పోస్టు దాటాక

మన్ననూర్ వద్ద రుసుము అడిగితే చెల్లించి రశీదు దాచుకోవాలి. ఆ రోజు మల్లెలతీర్థం తెరిచి ఉందా, లోపలి దారి ఎలా ఉందని అక్కడే అడగాలి. ఎవరో చెప్పిన పాత సమాచారం కంటే ఉదయం అక్కడి సిబ్బంది చెప్పే మాట విలువైనది.

ఇక్కడి నుంచి రోడ్డు నున్నగా, తిన్నగా ఉండటం వల్ల కాలు తెలియకుండానే యాక్సిలరేటర్‌పై బరువవుతుంది. గంటకు 30–40 కిలోమీటర్లు దాటకూడదు. ఒక జింక రోడ్డు దాటితే దాని వెనుక ఇంకొకటి ఉంటుందని అనుకుని ఆగాలి. హారన్ అవసరమైన మలుపుల్లో తప్ప కొట్టకూడదు.

రోడ్డు పక్కన కూర్చున్న కోతులకు అరటిపండు ముక్క కూడా వేయవద్దు. తిండి కోసం రోడ్డు మీదికి రావడం అలవాటైన కోతులే చక్రాల కింద పడుతున్నాయి. చెంచు పెంటలు (చెంచుల గూడేలు) కనిపిస్తే అనుమతి అడగకుండా ఫొటోలు తీయడం, ఇళ్లలోకి తొంగిచూడటం తగదు.

## 7. రెండో నడక: మల్లెలతీర్థం

వటవర్లపల్లి దగ్గర రహదారి వదిలి 8 కిలోమీటర్లు అడవి దారిలో వెళ్లాలి. కింది భాగం తక్కువ ఎత్తున్న కారైతే గాడి మధ్యలో కాకుండా గట్టు మీద ఒక చక్రం ఉండేలా నడపాలి. కారు ఆపిన చోటు నుంచి లోయలోకి 350 మెట్ల వరకు దిగాలి.

మామూలు కొండ నడకలో ముందు ఎక్కుతాం, అలిసిపోయాక దిగుతాం. ఇక్కడ వరుస తలకిందులు. దిగడం సులువుగా అనిపిస్తుంది, కింద చల్లగా ఉంటుంది, సమయం తెలియదు. కష్టమైన ఎక్కుడు మాత్రం కాళ్లు అలిశాక, మధ్యాహ్నపు ఉక్కలో వస్తుంది. ఈ ఒక్క విషయం మనసులో ఉంచుకుంటే సగం ఇబ్బందులు ఉండవు.

అందుకు చేయవలసినవి:

1. దిగడం మొదలుపెట్టిన సమయం చూసుకోవాలి. దిగడానికి పట్టిన సమయానికి రెట్టింపు సమయం ఎక్కడానికి కేటాయించాలి.
2. మీ నీళ్లలో సగానికి పైగా ఎక్కడానికి మిగలాలి.
3. మోకాళ్ల నొప్పి ఉన్నవారు మెట్లపై కొంచెం పక్కకు తిరిగి, ఒక్కొక్క మెట్టుపై రెండు పాదాలూ ఆనిస్తూ దిగాలి. నొప్పి ఎక్కువగా ఉంటే మధ్యలోనే ఆగిపోవాలి, కిందికి మోసుకెళ్లవచ్చు గానీ పైకి మోసుకురావడం ఎంత కష్టమో ఆలోచించుకోవాలి.
4. ఎక్కేటప్పుడు ముప్పై నలభై మెట్లకొకసారి నిలబడి ఆగాలి. కూర్చుంటే లేవడం బరువవుతుంది.

ధార పడే గుండంలో ఈత కొట్టవద్దు. పైన ధార సన్నగా కనిపించినా కింద లోతు ఒకేలా ఉండదు, రాయికి పాచి పట్టి ఉంటుంది. ప్రాణాలు పోయిన చోటు ఇది. అంచున కాళ్లు తడుపుకోవడంతో సరిపెట్టుకోవాలి. ఎగువన మబ్బు పట్టినా, నీటి రంగు మట్టిగా మారినా, ఆకులు, పుల్లలు ఒక్కసారిగా కొట్టుకొస్తున్నా వెంటనే మెట్ల మీదికి చేరాలి.

## 8. ఘాట్ రోడ్డు నడపడం

భోజనం చేశాక డ్రైవరు ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవాలి. దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూ పాయింట్ నుంచి కృష్ణ వెనుక జలాలు కొండల మధ్య పాయలు పాయలుగా చీలి కనిపిస్తాయి. సమయం తక్కువైతే నా దృష్టిలో డ్యామ్ కంటే ఇదే చూడదగింది. దోమలపెంటకు 3 గంటల లోపు చేరితేనే ఈగలపెంట మీదుగా డ్యామ్ వైపు దిగాలి. ఆలస్యమైతే ఇక్కడి నుంచే వెనక్కి తిరగాలి.

దిగేటప్పుడు: ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. దిగుడు మొదలయ్యాక కాకుండా దానికి ముందే రెండో గేరుకు మారాలి. ఆటోమేటిక్ కార్లలో ‘ఎల్’ గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడాలి. పెట్రోలు ఆదా కోసం న్యూట్రల్‌లో దించడం ప్రమాదం, పైగా ఆదా కూడా ఉండదు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇంధనాన్ని తామే ఆపేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ తిరగడానికి ఇంధనం ఖర్చవుతూనే ఉంటుంది.

బ్రేకు: అదిమి పట్టి ఉంచకూడదు. గట్టిగా నొక్కి, వేగం తగ్గాక పూర్తిగా వదలాలి. కాలిన రబ్బరు లాంటి ఘాటైన వాసన వచ్చినా, పెడల్ మామూలు కంటే లోతుగా దిగినా బ్రేకులు వేడెక్కాయని అర్థం. విశాలమైన చోట ఆపి, గేరులో ఉంచి, చక్రానికి రాయి అడ్డంపెట్టి, అరగంట చల్లారనివ్వాలి. చక్రాలపై నీళ్లు పోయకూడదు, వేడి డిస్కు వంకరపోతుంది. బయలుదేరేటప్పుడు ఆ రాయిని తీసి పక్కన వేయడం మరవద్దు. రోడ్డుపై వదిలిన రాయి వెనుక వచ్చే బైకు వారికి గండం.

మూలమలుపులు: మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు వేయకూడదు. ఆర్టీసీ బస్సు తిరగడానికి మన పక్క రోడ్డు కూడా కావాలి. బస్సు ముక్కు కనిపించగానే మలుపు బయటే ఆగి దారి ఇవ్వాలి. ఇరుకైన చోట ఎక్కే వాహనానిదే మొదటి హక్కు.

ఎక్కేటప్పుడు: ఉష్ణోగ్రత సూచిక పైకి పోతుంటే ఏసీ ఆపాలి. ఇంకా తగ్గకపోతే ఆగాలి. ఇంజన్ చల్లారేవరకు రేడియేటర్ మూతపై చేయి వేయకూడదు.

ఫొటో కోసం మలుపులో కారు ఆపడం ఈ రోడ్డుపై కనిపించే అన్ని తప్పుల్లోకీ పెద్దది. వెనుక వచ్చేవారికి మీరు కనిపించరు.

## 9. పొరపాట్లు, సవరణలు

- ఉదయం గంట ఆలస్యంగా బయలుదేరారు. ప్రతి చోటా పది నిమిషాలు కోస్తే ఆ గంట తిరిగిరాదు. ఒక నడకను పూర్తిగా తీసేయాలి.
- నీళ్లు అయిపోయాయి. వాగు నీళ్లు నేరుగా తాగవద్దు. నడక ఆపి, నీడలో ఉండి, ఒక్కరిని పంపకుండా అందరూ కలిసి కారు దగ్గరికి రావాలి.
- జట్టు విడిపోయింది. తప్పిపోయినవారు ఉన్నచోటే ఉండి మూడుసార్లు విజిల్ ఊదాలి. ఈ సంకేతాన్ని ఉదయమే అందరికీ చెప్పి ఉంచాలి.
- చీకటి పడింది, ఇంకా అడవిలోనే ఉన్నారు. వేగం పెంచవద్దు. హెడ్‌లైట్ వెలుగు పడేంత దూరంలో ఆగగలిగే వేగంతోనే రావాలి. కారు దిగకూడదు.

## 10. ప్రమాదం ఎదురైతే

పాము కాటు: కోయకూడదు, పీల్చకూడదు, తాడు బిగించకూడదు. ఉంగరాలు, గజ్జెలు తీసేసి, కరిచిన కాలినో చేతినో కర్రతో కట్టి కదలకుండా ఉంచి, మనిషిని నడిపించకుండా ఆసుపత్రికి చేర్చాలి. సిగ్నల్ దొరికిన వెంటనే 108కి ఫోను చేయాలి. దొరకకపోతే దగ్గరున్న చెక్‌పోస్టుకు వెళ్లాలి.

ఎండదెబ్బ: మాట తడబడటం, చర్మం కాలిపోతుండటం, తూలడం కనిపిస్తే నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, మెడ, చంకలు తడిపి విసరాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

తేనెటీగలు: ముఖం కప్పుకుని ఆగకుండా పరుగెత్తి కారులోకో గదిలోకో చేరాలి. నీటిలో దూకితే పైకి లేచేదాకా అవి పైనే ఉంటాయి.

ఎలుగుబంటి: ఎదురైతే పరుగెత్తకుండా, దాని వైపే చూస్తూ నెమ్మదిగా వెనక్కి అడుగులు వేయాలి. మాట్లాడుకుంటూ నడిచే జట్టుకు ఇది ఎదురుపడటం అరుదు.

## 11. తిరిగి వచ్చాక

మన్ననూర్ దాటగానే ఇంట్లో వారికి ఫోను చేయాలి. అచ్చంపేటలో టీ తాగి, డ్రైవరుకు నిద్ర మత్తు ఉంటే నిస్సంకోచంగా అక్కడే ఆగాలి. ఇంటికి చేరాక స్నానానికి ముందు మోకాళ్ల వెనుక, నడుము, చెవుల వెనుక పిడుదులున్నాయేమో చూసుకోవాలి. ఉంటే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి తీయాలి, నూనె పోయడం, కాల్చడం వద్దు. వారం పది రోజుల్లో జ్వరం వస్తే అడవికి వెళ్లిన సంగతి డాక్టరుకు చెప్పాలి. మరుసటి రోజు కారు టైర్ల పక్క గోడలు చూసి, బ్రేకు వాసన వచ్చి ఉంటే ప్యాడ్లు, బ్రేకు ఆయిల్ మెకానిక్‌తో పరీక్షించుకోవాలి.